ఐదు మిల్లీమీటర్లు

క్లాక్స్‌విక్ రేవులో
పళ్ళ ఆసుపత్రి వెనక గది నాది.
ఇక్కడికి మనుషులు రారు,
దవడలు వస్తాయి తెల్ల సుద్దలో,
అట్టపెట్టె మూత మీద పేరు, పుట్టిన ఏడు.

హోగ్ని దవడ ఒక మంగళవారం వచ్చింది.
చిన్నది, వెనక్కి నక్కినది,
ఎడమ కోరపన్ను కొస విరిగింది.
చేపల పడవ మనిషి, తాడును పంటితో లాగి ఉంటాడు.
మైనం మీద అతని కాటు,
దవడ ముందుకు చాపి కొరికింది,
ఎవరినో వెక్కిరిస్తున్నట్టు.

డాక్టరమ్మ చీటీ:
నిద్రలో గంటకు ఇరవైరెండుసార్లు ఊపిరి ఆగుతోంది.
గొట్టం, ముసుగు ఇస్తే విసిరికొట్టాడు.
దవడ ముందుకు, ఐదు మిల్లీమీటర్లు.

నాలుక అంటే మాట్లాడేదే అనుకుంటాం.
నిద్రలో అది ఉత్త కండ,
ఒడ్డున వదిలేసిన తడి వల.
జారి జారి గొంతు వాకిట్లో పడుతుంది.
దవడను ముందుకు పట్టి ఉంచితే
నాలుకా వెంట వస్తుంది,
దారి కాస్త తెరుచుకుంటుంది.
అంతే విద్య.
రెండు పళ్ళచట్రాలు, చెరో పక్క ఒక మర,
మర తిప్పడానికి సూదంత తాళంచెవి.

ఆ తాళంచెవి పోయిందని వచ్చింది
మార్యూన్, అతని భార్య.
ఈ గదికి ముఖంతో వచ్చిన మొదటి మనిషి.
"ఆదివారం ఆదివారం నేనే తిప్పుతాను, పావు చుట్టు.
అతని వేళ్ళకు అది దొరకదు."

పద్దెనిమిదేళ్ళు పంటి బిగువున భరించిందట.
గురకను కాదు,
గురకకూ గురకకూ మధ్య ఖాళీని.
చీకట్లో లెక్కపెట్టేది, పదకొండు, పన్నెండు...
ముప్పైనాలుగు దాకా పోయిన రాత్రి
మోచేత్తో పొడిచి లేపి
తిట్లు తిన్నది.

"ఇప్పుడో?"

"ఒకటి అనేలోపే ఊపిరి వచ్చేస్తుంది.
రెండు అనే అవసరం లేదు.
నాకే నిద్ర పట్టదు.
గొర్రెల్ని లెక్కపెడదామంటే
మాకు నిజంగానే అరవై ఉన్నాయి,
అది పనిలా ఉంటుంది."

నవ్వింది. మళ్ళీ తనే,
"పొద్దున లేచాక అరగంట
అతని పళ్ళు ఒకదానికొకటి కలవవు.
రొట్టె కొరకలేడు, మాట నత్తిగా వస్తుంది.
ఆ అరగంటా మా ఇంట్లో పోట్లాట లేదు."

కొత్త తాళంచెవి ఇచ్చాను.
మెళ్ళో గొలుసుకు తగిలించుకుంది.
గుమ్మం దగ్గర ఆగి అడిగింది,
"ఇంకా ఎంత తిప్పాలి?"

డాక్టరమ్మ చెప్పాల్సిన మాట, నా నోట వచ్చేసింది:
నొప్పి పుట్టినచోట ఆగండి,
అక్కడినుంచి ఒక్క పావు వెనక్కి రండి.

ఇంకోసారి చెప్పమంది.
రసీదు వెనక రాసుకుంది.