మూడో పీరియడు నిద్ర

కోసిగి బడిలో, నాలుగో తరగతిలో
మూడో పీరియడు మొదలయితానే
ఉశేని నిద్రపోతాడు.

మొదట్లో సుద్దముక్క విసిరినాను.
చెవి మెలేసినాను, అదీ రాస్తున్నాను.

పోయిన సుగ్గికి
తెల్లారుజామున నాలుగుకు బొలెరో వచ్చిందంట.
పిల్లోడు లేస్తే ఏడుస్తాడని
వాళ్ళమ్మ కాలిగొలుసులు తీసి కొంగున కట్టుకొనిందంట.
వాడు కండ్లు తెరిచేసరికి
ఇద్దరూ గుంటూరు మిరపచేలల్లో.

ఆ దినం నుంచి రాత్రిళ్ళు కాపలా.
అవ్వ కొంగుకు చొక్కా ముడేసుకుంటాడు.
రోడ్డు మీద ఏ బండి ఆగినా
లేచి, గడప కాడ చెప్పులు లెక్కపెడతాడు.

ఉగాదికి వచ్చినారు,
సైకిలుతో, కొత్త నిక్కరుతో,
తాకితే మండే చేతులతో.
సైకిలు తొక్కినాడు, నవ్వినాడు.
రాత్రికి మళ్ళీ
నాలుగు జతల చెప్పులు, లెక్క.

ఇదంతా అవ్వ చెప్పి పోయినాక
హాజరు పట్టీ తిరగేసినాను.
ఒక్క నాగా లేదు.
జరమొచ్చిన దినం కూడా వచ్చినాడు,

గంట కొట్టేదాకా
ఎవరూ యాడికీ పోని చోటికి.

ఇప్పుడు మూడో పీరియడులో
ఎక్కాలు గొంతు తగ్గించి చెప్పిస్తాను.
నీళ్ళు తాగను బయటికి పోవాల్నన్నా
వాణ్ణి తట్టి లేపి,
చెప్పి పోతాను.