గుడ్డ వెనక తట్టు

ఎమ్మిగనూరులో సోమప్ప సర్కిల్ దాటినాక
ఫాల్సు, పీకో, రవికలు అని పసుప్పచ్చ బోర్డు ఉంటాది కద,
ఆ అంగడి నాది.
బోర్డు మీద రాయనిది ఇంకొకటి చేస్తాను.
అభిప్రాయాలు చెప్తాను. దానికి దుడ్లు తీసుకోను.

కరెంటు పోతే మిషన్ ఆగుతాది,
ఫోను ఆగదు.
ఢిల్లీలోనో బొంబాయిలోనో
నవ్వని పిల్లలు ఒకరెనక ఒకరు నడుస్తాంటారు.
వాళ్ల ముఖాలు నాకేమిటికి?
చంక దగ్గర గుడ్డ ఎట్ల కూర్చుందో చూస్తాను.

రూహాన్ బజోరియా అని ఒకాయన.
ఆయన లంగాలు చూసి అందరూ అబ్బా అంటారు.
ఫోటోలో చూసి నేనూ అంటి.
పోయిన మే నెల్లో ఆదోని పత్తి మిల్లోళ్ల కోడలు
ఒకటి తెచ్చింది, నడుము వదులు చేయమని.
ఎత్తి బల్ల మీద వేస్తే బల్ల కిర్రుమంది.
మఖమల్ మీద జర్దోసి, జర్దోసి మీద అద్దాలు,
అద్దాల సందుల్లో ముత్యాలు,
మాట ఆపేది తెలియని చుట్టం మాట్లాడినట్ల.
బయట నలభై నాలుగు డిగ్రీలు.
ఈ మనిషి ఎప్పుడన్నా
చెమట పట్టిన ఆడదాన్ని చూసినాడా?

తిరగేసి చూస్తి.
లోపల, ఎవరికీ కనపడని తట్టు,
ఎర్ర గుడ్డకు నల్ల దారంతో ఎవరో కుట్టినారు
ఒక్క పోగు పక్కకు పోకుండా.
ఆ కుట్టుకు దండం పెడ్తి.
బజోరియాకు కాదు.

మినోతి సేన్‌ది వేరే జబ్బు.
అన్నీ ఇసుక రంగే.
తడి ఇసుక, ఎండిన ఇసుక, సాయంత్రపు ఇసుక.
తుంగభద్రలో నీళ్లు లేనప్పుడు
మాకు ఆ రంగు ఊరికే కనపడతాది,
అరవై వేలు పెట్టే పని లేదు.
అయితే ఒకటి ఒప్పుకోవాల.
ఆమె ఆడోళ్ల బట్టలకు జేబులు పెడతాది,
చెయ్యి మణికట్టు దాకా పోయే జేబులు.
అందుకని ఆమెను సగమే తిడతాను.

రవిక మీద సూదితో నెమళ్లు కుడితే
దాని పేరు మగ్గం వర్క్.
నిజం మగ్గం ఉన్న ఇంట్లో మాత్రం
వర్క్ లేదు.
ఇది ఎవరి డిజైనో నాకు తెల్దు.

ఇంక హైదరాబాదు చారుశీల.
ఈ యాడాది ఆమె చూపించింది చూసి
ఫోను కండ్ల దగ్గరికి పట్టుకుంటి.
మా సొసైటీ గళ్లు!
మా నాయన భుజాన వేసుకున్న తువ్వాలు,
బీడీ బూడిద దులుపుకున్న తువ్వాలు,
నీలం మీద తెలుపు, నడుమ ఒక ఎర్ర గీత.
దాంతో పొడుగు అంగీ కుట్టి
ముప్పై ఎనిమిది వేలంట.
తిట్టాలనే కూర్చుంటి.
మాటలు గూడ ఏరి పెట్టుకుంటి.

అప్పుడు భుజం చూస్తి.
గళ్లు మెడ కింద నుంచి చేతిలోకి దిగే చోట
ఎర్ర గీత తెగలేదు.
కాలవ గట్టు మీద మనిషి నడిచినట్ల
మణికట్టు దాకా ఒకటే గీత.
అతుకు యాడ పెట్టింది?
పది సార్లు ఆపి చూస్తి. కనపడలే.

పోయి అవే గళ్ల దుప్పటి తెస్తి.
కత్తిరిస్తి. గీత చంకలో చచ్చింది.
ఇంకోటి తెస్తి. మోచేయి దాకా వచ్చి పక్కకు తిరిగింది.
"దుప్పట్లన్నీ కోసేస్తే చలికాలం ఏం కప్పుకుందాం?"
అని మా ఇంటాయన.
"గళ్లు సరిపోయినాక అడుగు" అంటి.

ఈ పొద్దు మూడోది.
వేసుకుని అద్దం ముందర నిలబడినా.
గీత భుజం దాటింది.
"హుసేనక్కా, ఎట్లుంది ఆ చారుశీల పని?"
అని గిరాకీలు అడుగుతాండారు.
ముప్పై ఎనిమిది వేలు అన్యాయమే.
నేసినోళ్ల పేరు యాడా చెప్పకపోయేది
ఇంకా పెద్ద అన్యాయం.
ఆ అతుకు మాత్రం...
ఆగండి, ఇప్పుడే చెప్పను.
కుడి చెయ్యి ఎత్తితే
కొంచెం లాగుతాంది.