పది మందికి ఒక సీసా

బుసిరా నది మీద రెండు పగళ్లు.
పడవలో చేరిన నీళ్లు తోడిపోస్తూ
మంచుపెట్టె మూత ఎన్నిసార్లు తెరవకుండా ఉంటానో
అదీ నా పనితనం.
చెవి ఆన్చి వింటాను:
లోపల ముక్కలు ఇంకా ఒరుసుకుంటున్నాయా,
అప్పుడే నీళ్లై మెదులుతున్నాయా.

రేవులో దిగేసరికి
ఊరంతా చేపల మకాములకు పోయింది.
నది తీసే రోజులు, ఎవరాగుతారు?
పొగ లేస్తున్న పొయ్యి ఒక్కటే.
దాని పక్కన బొలుంబు,
ఆమె చంకలో తొమ్మిది నెలల పిల్ల,
పిల్ల గడ్డం మీద కసావా మెతుకు.

ఒక్కతే.

సీసాలో పది మందికి మందు.
పొడిగా ఉన్నన్నాళ్లూ ఓపిక పడుతుంది.
నీళ్లు కలిపామా, ఆరు గంటలే ఆయుష్షు.
ఆపైన తొమ్మిది మోతాదులు మట్టిపాలు.
రిజిస్టరులో 'వృథా' అని ఒక గడి ఉంది.
ఎర్రసిరాతో దాని చుట్టూ సున్నా చుట్టే
డాక్టరు బొకెలె ఉన్నాడు.
చెడ్డవాడు కాదు. ఆయనకూ సీసాలు లెక్కపెట్టే ఇస్తారు.

పోయిన ఏడు ఎగువ రేవులో
ఇద్దరే ఉన్నారని సీసా విప్పలేదు.
మిగతా పిల్లల్ని పోగెయ్యండి, మళ్లొస్తానన్నాను.
పద్ధతైన మాటే.
నాకంటే ముందు తట్టు వచ్చింది.
పది మంది పోగవ్వాలని అది ఆగలేదు.
ఒక్క దగ్గు చాలింది దానికి,
తలుపు తలుపూ తట్టింది.
ఇలొంగ కళ్లు పుసికట్టి తెరుచుకోలేదు,
నాలుగోనాటికి ఊపిరి అందలేదు.
రెండోవాడు బతికాడు. చెవులు వినపడవు.
నన్ను చూస్తే నవ్వుతాడు.
ఆ నవ్వు రాసుకోవడానికి రిజిస్టరులో గడి లేదు.

"ఒక్కదాని కోసం విప్పరటగా?
ఎగువ రేవు వాళ్లు చెప్పారు,"
బొలుంబే నా మీద జాలిపడి అంది.
వాళ్లకు ఆ మాట చెప్పింది నేనే.
ఆ సంగతి చెప్పలేదు.

నీళ్ల ఆంప్యూల్ మెడ విరిచాను.
పొడి కరిగింది. గడియారం మొదలైంది.
పిల్ల ఊరికి సరిపడా ఏడ్చింది.

మకాములు ఏ పాయలో ఉన్నాయని అడిగాను.
బొలుంబు చెయ్యి చూపలేదు.
పొయ్యి మీద నీళ్లు చల్లి,
పిల్లను వీపున కట్టుకుని,
పడవ ముందు కూర్చుని తెడ్డు అందుకుంది.

చీకటి పడేలోగా రెండు మకాములు,
నలుగురు పిల్లలు.
ఒకడు చెట్టెక్కి కూర్చుంటే
వాళ్ల నాన్న తిట్టి దింపాడు.

ఐదు మిగిలాయి.
పారబోశాను. చేతులు కడుక్కున్నాను.
'వృథా' గడిలో ఐదు అని రాశాను,
పెద్దగా,
డాక్టరు కళ్లజోడు లేకుండా కూడా కనపడేలా.