మూడోసారి లెక్క

నకురు ఊరి బయట ఒక బడి.
సెలవులకి పిల్లలు ఖాళీ చేసిన హాల్లో
పొడుగు బల్లల మీద కట్టలు కట్టలుగా జవాబు పత్రాలు.
పొద్దున్నా రాత్రీ ఉగాలీ, ఆకుకూర.
ఆరు రోజులుగా ఒకే ప్రశ్న దిద్దుతున్నాను:
"కింది నవలా భాగం చదివి
ఇతివృత్తం, పాత్ర, స్వరం గురించి రాయండి."

ఆ భాగం నాకు కంఠతా వచ్చేసింది.
చీకటి పడేవేళ అకేయో అనే మనిషి
రేకు డబ్బాలో చిల్లర లెక్కపెడుతూ ఉంటుంది.
మొగుడు సరస్సు మీంచి వస్తాడు, భుజాన వల లేదు.
ఆమె అడగదు. మళ్ళీ లెక్కపెడుతుంది. మళ్ళీ.
"నీళ్ళు కాగాయి," అంటుంది.
అంతే. పదకొండు వాక్యాలు.

మార్కుల సూచిక అచ్చయి ముందే వచ్చింది.
ఇతివృత్తం: పేదరికం. రెండు మార్కులు.
పాత్ర: ఓర్పు గలది. రెండు.
స్వరం: విషాదం. రెండు.
దుఃఖం అని రాసినా ఇవ్వవచ్చు.
మూడు వందల పత్రాలు పేదరికం, ఓర్పు, విషాదం అన్నాయి.
మూడు వందల సార్లు నా ఎర్ర కలం ఔనంది.
వాళ్ళ తప్పేం లేదు. నా క్లాసులో నేనూ అలాగే చెప్పించాను,
అందరిచేతా ఒక్క గొంతుతో, ఎక్కాలు అప్పజెప్పించినట్టు.

ఇవాళ నాలుగింటి టీ తర్వాత ఒక పత్రం.
పేరుండదు, నంబరే. చివర నలభై ఏడు.
అమ్మాయో అబ్బాయో అంకె చెప్పదు.
చేతిరాత మాత్రం వాన్లో పరిగెత్తినట్టుంది.

"ఈమెకి ఓర్పు లేదు," అని మొదలు.
"ఎంతుందో మొదటిసారే తెలిసింది.
రెండోసారి, అతని అడుగుల చప్పుడు వినడానికి.
మూడోసారి, నోరు జారకుండా చేతులకో పని."

కలం ఎత్తాను. దించలేదు.

"పేదరికం ఆ ఇంటి గోడ. కథ గోడ గురించి కాదు,
ఇద్దరిలో ముందు ఎవరు నోరు విప్పుతారన్న దాని గురించి.
వల పోయిందని రచయిత రాయలేదు. భుజం రాశాడు."

ఇక్కడ ఆగి, ఆ భాగం తీసి చదివాను,
ఆరు రోజుల్లో మొదటిసారి.
నిజమే. వల అన్న మాటే లేదు.
"తేలికైన భుజంతో వచ్చాడు" అని ఉంది.
లేని వల మా అందరికీ కనిపించింది.
ఉన్న భుజం ఎవరికీ కనిపించలేదు.

స్వరం దగ్గర అన్నీ కొట్టివేతలే.
విషాదం, దాని మీద ఒక గీత.
కోపం, దాని మీద రెండు.
ప్రేమ అని రాసి, కాగితం చిరిగేంత గట్టిగా ఇంకొకటి.
చివరికి అంచున, చీమల్లాంటి అక్షరాల్లో:
"పడుకున్న పిల్లలు లేవకుండా
గిన్నె మీద మూత పెట్టే చప్పుడు."

పక్క బల్ల నుంచి వఫూలా తొంగిచూశాడు. మా జట్టు పెద్ద.
చెడ్డవాడు కాదు, జేబులో వేరుశనగలు అందరికీ పంచుతాడు.
"సూచికలో ఉందా?"
"లేదు."
"మరి?" అన్నాడు ఒక కాయ ఒలుస్తూ.
"ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి, న్యాగీలో మేడం."

న్యాయం ఆయన వైపే ఉంది.
అందుకని సూచికనే పక్కన పెట్టుకుని, వేలితో చూపించాను:
పేదరికం, ఇదిగో, ఆ మాట ఉంది.
ఓర్పు, అదీ ఉంది.
విషాదం, కొట్టేసినా చదవడానికి వస్తోంది.
"కాదని కదా రాసింది!"
"ఆ మాట ఉండాలనే సూచికలో ఉంది. ఔనాలని లేదు."

వఫూలా చాలాసేపు నన్ను చూశాడు.
తర్వాత నా బల్ల మీద రెండు గింజలు పెట్టి
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

తర్వాతి పత్రం తెరిచే ఉంది. పేదరికం, ఓర్పు.
మెస్సు వెనకాల ఎవరో టీ కెటిల్ మూస్తున్నారు.
నేను నలభై ఏడు మార్కులు కూడుతున్నాను.
రెండూ రెండూ రెండూ. ఆరు.
మళ్ళీ కూడాను.
ఎంతో మొదటిసారే తెలుసు.