చూపుడు వేలికి చోటు

ఈ చెక్కకి వాలూ లేదు, ఎదురూ లేదు.
ఏ పక్కనుంచి ఉలి పెట్టినా
ఒకచోట వెన్న, దాని పక్కనే ఎముక.

టాస్మానియాలో జులై.
హ్యువాన్ నది మీంచి లేచిన మంచు
అప్పులవాడిలా షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉంది.
బల్ల మీద మర్టిల్ చెట్టు బుడిపె.
రోడ్డు వేసేవాళ్ళు పక్కకి దొర్లించిపోయిన మాను నుంచి
కోసి తెచ్చాను. మంచం కింద ఏడేళ్ళు ఆరింది.
రాత్రిపూట లేచినప్పుడల్లా
మా ఆయన బొటనవేలు దానికి తగిలేది,
ప్రతిసారీ అదే తిట్టు.
ఇప్పుడా తిట్టు కూడా లేదు ఇంట్లో.

చెట్టుకి దెబ్బ తగిలి, ఆ దెబ్బే ఇంత అందమైందని
సంతకొచ్చినవాళ్ళు పిడిని తిప్పి తిప్పి చూస్తూ అంటారు.
తలూపి డబ్బులు పుచ్చుకుంటాను.
దెబ్బో, పురుగో, ఊరికే పెరిగిందో
చెట్టు నాకైతే చెప్పలేదు.

బెర్నార్డ్ ట్రెలోర్ పడవలు కడతాడు.
వాళ్ళ తాత షెఫీల్డ్ నుంచి తెప్పించుకున్న రంపం
కొమ్ము విరిగిన పిడితో, కరెంటు టేపు చుట్టుకుని
నా దగ్గరికొచ్చింది.
దాంతోపాటు ఒక కాగితం.
ఆటుపోట్ల పట్టిక వెనక
పెన్సిలుతో చుట్టూ గీసిన కుడిచెయ్యి.
గీత బొటనవేలు ఎక్కి, దిగి,
నేరుగా నడివేలు ఎక్కింది.
మధ్యలో చిన్న గుట్ట. అంతే.

రంపం పట్టడం నేర్పేటప్పుడు మొదట చెప్పేదే అది.
మూడు వేళ్ళు లోపల, చూపుడు వేలు బయట.
పట్టుకునేవి ఆ మూడూ,
ఎటు పోవాలో చెప్పేది ఆ ఒక్కటీ.

మొదటి పిడి చెడింది.
పై కొమ్ము గుండ్రం తేలాక, ఆకురాయి కింద
బెరడు కూరుకున్న నల్లటి బొరియ నోరు తెరిచింది.
జిగురూ పొట్టూ కలిపి పూడిస్తే ఎవరికీ తెలీదు.
పొయ్యిలో పెట్టాను.
ఆ మధ్యాహ్నం టీ కాచింది ఆ మంట మీదే.

రెండోది మెల్లిగా.
కంటికి బాగుందనిపించిన చోట
అరచెయ్యి "ఇంకా, ఇంకా" అంటుంది.
గరుకు ఆకురాయి, నున్నది, తర్వాత గీకుడు రేకు,
చివర ఉప్పు కాగితం, అది అరిగి బట్టయ్యేదాకా.
చూపుడు వేలు ఆనే చోటుకి వచ్చి ఆగిపోయాను.
లేని వేలికి చదునెందుకు?
చెక్క అక్కడ అలాగే వదిలేస్తే
ఇంకో నాలుగు సుళ్ళు కనపడతాయి,
సంతలో అయితే వాటికే రేటు.

ఫోన్ చేశాను.
చాలాసేపు వెనక ఎవరో మేకులు కొడుతున్న చప్పుడు.
"లేదనుకో," అన్నాడు చివరికి,
"కానీ చూపించడం మానలేదది.
చలికాలం మరీ."

చదును చేశాను,
నా వేలు పెట్టి చూసుకుంటూ, తీసి చెక్కుతూ.
నాలుగు సుళ్ళూ నేలమీద పొడిగా రాలాయి.

అవిసె నూనె గుడ్డ తగలగానే
ముదురుతున్న బెల్లం పాకంలో బుడగల్లా
మిగిలినవన్నీ పైకి తేలాయి.
ఇత్తడి మరలు పాతవే. మెరుగు పెట్టలేదు.

శనివారం తనే వచ్చాడు,
తడి బూట్లు బయట విడిచి, చిరుగు మేజోళ్ళతో.
పిడిని పొగడలేదు, సరిగ్గా చూడనూ లేదు.
మూలనున్న పైన్ తుంట బల్లకి బిగించి,
గీత గీసి, కొయ్యడం మొదలెట్టాడు.
దారంటూ లేని చెక్క చేతిలో,
అలుగు గీత వెంటే దిగింది,
దిగి, దిగి, చివర్లో
అర నూలు ఎడమకి జరిగింది.

"పళ్ళు సరిచేసిస్తాను, ఉంచి వెళ్ళు."
"వద్దు. మా తాతకీ అటే పోయేది."

డబ్బు లెక్కపెట్టడానికి రంపం బల్ల మీద పెట్టాడు.
చెయ్యి తగిలిన చోటల్లా పిడి శుభ్రంగా ఉంది.
ఆ చదును మీద మాత్రం
వేలు పొడుగునా
సన్నగా పొట్టు.

ఊదబోయి, ఊరుకున్నాను.