ఆరు తులాలకు గురివింద తక్కువ

శుక్రవారం, బేరాల్లేని మధ్యాహ్నం.
కురుపాం మార్కెట్ సందులో ఆటో ఆపి
తువ్వాల్లో ఏదో చుట్టుకొచ్చాడు లోవరాజు.
"ఆచారిగోరూ, కూసింత తూకం సూడాల.
నవ్వకండి."

విప్పితే ఊసరవెల్లి.
హనుమంతవాక దగ్గర, కొండ తవ్వుతున్న చోట,
నడిరోడ్డు మీద ముందుకో వెనక్కో తేల్చుకోలేక
ఊగుతూ నిలబడిందట.
వెనక బస్సు హారను కొడుతుంటే దిగి తెచ్చుకున్నాడట.
ఇరవై రోజులు కిటికీ కర్ర మీద ఉంచాడు.
మిడతల్ని మెక్కుతుంది, ఒంటికి పట్టదు.
కళ్ళు గుంటల్లోకి పోయాయి.
తోక చుట్ట విడిచి తాడులా వేలాడుతోంది.

"మా పిల్లకీ ఇలాగే పొట్టొకటీ మిగిల్తే
బళ్ళో నట్టల మాత్ర ఏసినారండి.
దీనికీ అదేనేటోనని
పశువులాసుపత్రికి అట్టుకెళ్ళాను."

అక్కడ వసుంధర డాక్టరమ్మ
దాని పెంట నీటిచుక్కలో కలిపి, గాజుపలక మీద పరిచి,
మైక్రోస్కోపులో లోవరాజునే చూడమందట.
"సగ్గుబియ్యం నాగున్నాయండి గుడ్లు.
ఒకదాన్లో ఏదో మెదుల్తంది కూడాను."
ఏలికపాములు.
మందు చుక్కల లెక్క, బరువు గ్రాముల లెక్క.
చుక్క ఎక్కువైతే పురుగులతో పాటు ఇదీ పోతుంది.
ఆసుపత్రి కాటా మీద గొర్రెలు తూగుతాయి.
ఇది ఎక్కితే సున్నా.

నా అద్దాల పెట్టెలో తాత నాటి త్రాసు.
ఫ్యాను ఆపాను.
సముద్రం గాలి దూరకుండా తలుపు మూశాను.
పళ్ళెంలో దించానో లేదో గొలుసు పట్టేసుకుంది,
ఇటు రెండు వేళ్ళు, అటు మూడు:
నా పట్టకారుకి కూడా అంత పట్టు లేదు.
ఒక కన్ను తూనికరాళ్ళ మీద,
ఒక కన్ను నా వేళ్ళ మీద.
నలభై ఏళ్ళుగా ఎరుగుదును ఆ చూపు.
పెళ్ళినగలు తూయించే ప్రతి ఇంటి పెద్దావిడదీ అదే.

ఆరు తులాలకు గురివింద తక్కువ.
గ్రాముల్లోకి మార్చి చీటీ రాసిచ్చాను.

పక్కకొట్టు కుర్రాళ్ళు మూగారు,
బంగారం పక్కన పెట్టండి, రంగు మారుద్దని.
నాలుగుపేటల గొలుసు తీసి పక్కన పరిచాను.
మారలేదు.
బొగ్గురంగు. జబ్బురంగు. అదొక్కటే.

మందు పడ్డ మూడోనాటికి
సేమ్యా ముక్కల్లా తెల్లటివి పడ్డాయట, ఆరో ఏడో.
మళ్ళీ శుక్రవారం తూస్తే ఇంకా దిగింది,
మూడు గురివిందలు.
లోవరాజు ముఖం చిన్నబోయింది.
నేను నవ్వాను. తరుగులే, అన్నాను.

తల్లి బంగారంలోనైనా కంసాలి తరుగు తీస్తాడనే మాట
కొలిమి పొగతో పాటే పీల్చి పెరిగినవాణ్ణి.
దీనికీ తొండ ముదిరిన పేరొకటి ఎప్పుడూ ఉంది.
దొంగలు మాత్రం లోపల, పేగులో,
చల్లగా కూచుని తింటున్నారు.
ఖాతాపుస్తకంలో ఆ రోజు
తరుగు: మూడు గురివిందలు
అని రాశాను.
ఆ గడిలో నేను రాసిన మొదటి నిజం అదేనేమో.

గుడ్లకి మందు అంటదట,
అవి పొదిగాక పదిహేనో రోజున ఇంకో చుక్క.
అడుగున పేపరు రోజూ మార్చాలి.
కాలవ బొద్దింకలు పెట్టకూడదు.
ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తే నాకి తాగుతుంది.
ఇది పెంచుకునేది కాదయ్యా, కేసవుతుంది,
కుదుటపడగానే ఫారెస్టువాళ్ళకి అప్పగించు, అందట డాక్టరమ్మ.
సరేనన్నాడు.
పిల్ల అప్పటికే పేరు పెట్టేసింది, డీజిల్ అని.

ఆరో శుక్రవారం ఆరున్నర తులాలు.
పళ్ళెం కిందికి దిగుతుండగా
భుజం దగ్గర మొదలై
లేత చింతాకు పచ్చ ఒళ్ళంతా ఊరింది.
తోక గడియారం స్ప్రింగులా చుట్టుకుంది.
బేరమాడే మనిషిలా లోవరాజు
ఇంకోసారి తూయమన్నాడు.
తూశాను.
ఇంకోసారి కూడా.

మర్నాడు జీపులో కంబాలకొండకి తీసుకుపోయారట.
కొమ్మ మీద పెట్టగానే కనపడకుండా పోయిందని,
వెనక్కి చూసిందో లేదో తెలియలేదని,
ఒక కన్ను చూసే ఉంటుందని పిల్ల వాదిస్తోందని చెప్పాడు.

ఇవాళ మధురవాడ నుంచి ఒకావిడ,
నాలుగు గాజులు, వెంట ఇద్దరు సాక్షులు.
ఓసారి రాళ్ళనీ ఓసారి నా వేళ్ళనీ చూస్తోంది.
ఒక్కసారే రెండూ చూడాలంటే కుదరదమ్మా, అన్నాను,
దానికి వేరే కళ్ళుండాలి.
ఆవిడకి అర్థం కాలేదు.
ఫ్యాను ఆపాను.