మెల్లగా తిరగాలి

రాయి పగిలినా మోటారు బాగానే ఉందని
నా గ్రైండరు పట్టుకుపోయాడు పక్కింటి డెల్మర్.
గ్రాంట్స్ పాస్‌లో అక్టోబరు వాన.
పెరట్లో నాలుగు గంజాయి మొక్కలు, చట్టం ఒప్పుకున్నన్ని.
గ్యారేజీలో సైకిలు చెయిను, పాత వాషింగ్ మెషీన్ పుల్లీ,
పట్టుజల్లెడ చుట్టిన డ్రమ్ము.

మొదటిసారి స్విచ్చి వేస్తే
పూనకం వచ్చినట్టు బల్లమీంచి దూకింది.
"మెల్లగా తిరగాలి" అన్నాను,
పిండి సంగతి నాకు తెలుసు కదా.

మూడోవారానికి
ఫ్రీజరులోంచి తీసిన మొగ్గలు లోపల దొర్లుతున్నాయి
వానకంటే చిన్న చప్పుడుతో.
కింద అద్దం మీద
పసుపూ కాదు, గంధమూ కాదు,
వేలితో రాస్తే గీత పడేంత.

"ఇంతేనా?"
మార్వా మోకాళ్లకి నెల్లాళ్లొస్తుందట.

నా మోటారు మాత్రం
వేడెక్కినప్పుడల్లా
ఇంకా మినప్పిండి వాసనే వేస్తోంది.